రాజంపేటలో రెండో కూత

పరువు పోగొట్టుకోవడానికి లోకంలో చాలా దారులున్నాయి. కొందరు పేకాడి పోగొట్టుకుంటారు, కొందరు ఎన్నికల్లో నిలబడి పోగొట్టుకుంటారు. నేను ఆరోగ్య సూత్రాలు పాటించి పోగొట్టుకున్నాను. అది నా ఒక్కడి పరువే అయితే ఇంత కాగితం ఖరాబు చేసేవాణ్ణి కాదు. కోయిలకుంట్ల ఊరి పరువంతా మూటగట్టి, బస్సెక్కించి, రైలెక్కించి, ఆఖరి మజిలీ కాలినడకన మోసుకెళ్లి మరీ, రాజంపేటలో నాలుగూళ్ల జనం ముందు కుమ్మరించి వచ్చాను.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడి, కర్నూల్లో గుడారాల కింద సర్కారు కచేరీలు నడుస్తున్న రోజులవి. నేను మద్రాసులో వ్యాయామ శిక్షణ ముగించుకుని వచ్చి, కోయిలకుంట్ల హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేరి ఏడాది కూడా కాలేదు. ఒంటి మీద తెల్ల నిక్కరు, మెడలో ఈల, బుర్ర నిండా మద్రాసు. ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతోనే రాలేదు. కూర్చున్నా మోకాలు ఊగుతూనే ఉండేది. మంగలి నాకు క్షవరం చేయాలంటే తల పట్టుకోవడానికి ఇంకో మనిషిని పిలుచుకునేవాడు. "వీడు కడుపులో ఉన్నెప్పుడు గానుగ కాడ శానాసేపు నిలబడితి. అందుకే ఇట్ల గానుగెద్దు పుట్టినాడు" అని మా అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

అలాంటివాడి చేతిలో ఊరివాళ్లు చెడుగుడు జట్టును పెట్టారు. కోతికి కొబ్బరికాయ దొరికితే కాయ ఒక్కటే పగులుతుంది. ఇక్కడ ఏడు తలకాయలు.

రాజంపేటలో ఆ వేసవిలో చెడుగుడు పోటీలు పెట్టారు. జట్టుకు ఒకే ఆట, గెలిచిన ప్రతి జట్టుకూ ఒక కప్పు. స్కూలు కమిటీలో పెద్దరెడ్డి అని ఒకాయన ఉండేవాడు. ఆయన తల ఊపితేనే బళ్లో గంట కొట్టాలి. ఆయన నన్ను ఇంటికి పిలిపించాడు.

"ఏమప్పా అయివారూ, పిల్లోళ్లు ఆడుకునేకి స్థలం ల్యాదని నా పానం తీస్తాండావు గదా. ఊరి బయట నా చేను ఒకటి బీడుగా పడుండాది. ఇస్తా. ముందు కప్పు తీసకరా."

ఆ మాటకు నా మోకాలు ఊగడం ఆగిపోయింది. మా పిల్లలు ఆడుకునేది కళ్లంలో. నూర్పిళ్లు మొదలైతే ఆట బందు. బంతి గడ్డివాములో పడిందంటే, పశువులు ఆ వామును తినేదాకా దొరికేది కాదు. అలాంటి చోటు కోసం నేను ఆయన చుట్టూ గట్టిగానే తిరిగాను. ఇప్పుడది చేతికందేంత దూరంలో ఉంది.

"తెస్తాను. మా జట్టు ఓడిపోయే ప్రసక్తే లేదు" అన్నాను, మద్రాసు గొంతుతో.

నిజంగానే మంచి జట్టు అది. కూతకు ఖాసిం ఉన్నాడు. వాళ్లది బట్టల అంగడి. సన్నగా రివటలా ఉండి, ఎదుటి బరిలోకి దూరి ఒకణ్ణి తాకి వచ్చాడంటే, తాకినట్టు ఆ తాకబడ్డవాడికే తెలిసేది కాదు. పట్టుకు బాలిరెడ్డి ఉన్నాడు. వానకు నానిన నల్లరేగడిలో దిగబడిన బండిచక్రాన్ని చూశారా? బాలిరెడ్డి కాలు పట్టుకుంటే అట్లాగే. తిండిలో కూడా ఆ పట్టే.

బయలుదేరే ముందటి సాయంత్రం జట్టునంతా నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాను.

"ప్రయాణంలో ఆటగాడికి ఇద్దరే శత్రువులు. ఒకటి నూనె. రెండోది కూర్చోవడం."

"అయితే బస్సులో నిలబడే పోవాల్నా అయివారూ?" అన్నాడు ఖాసిం.

"బండి ఆగిన ప్రతిచోటా దిగి వ్యాయామం చేస్తాం. కండరాలు బిగుసుకుపోవు."

"అది సరే. తినేది ఏంది?" బాలిరెడ్డికి ముఖ్యమైన సంగతి అదొక్కటే.

"మొలకెత్తిన ఉలవలు."

బాలిరెడ్డి చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు.

"ఉలవలంటే... మా కోడెలు తినేటివేనా?"

"అవే. నీ కోడెలు ఎప్పుడైనా అలిసిపోయాయని విన్నావా?"

"ల్యాదు గానీ అయివారూ, వాటి ఎనకపక్క ఎప్పుడన్నా రోంతసేపు నిలబడినావా నువ్వు?"

పల్లెటూరి మోటుతనం అని ఆ మాటను కొట్టిపారేశాను. జ్ఞానం ఎదురొచ్చి నిలబడితే, దారికడ్డం లెమ్మని తోసేసిన రకం నేను.

మర్నాడు పొద్దున జమ్మలమడుగు బస్సు దగ్గరికి తల్లులందరూ సద్దిమూటలతో వచ్చారు. పూర్ణం కూరిన ఓళిగలు, జొన్నరొట్టెలు, రోట్లో నూరిన ఊరుబిండి పచ్చడి, ఖాసిం వాళ్లమ్మ నూనెలో వేయించి ఆకుల్లో కట్టిన ఖైమా ఉండలు. ఆ ఘుమఘుమకు బస్సు ఇంజను కూడా తిప్పకముందే కదిలేలా ఉంది. తల్లుల ముందు కాదనలేక మూటలన్నీ తీసుకున్నాను. తీసుకుని నా కాళ్ల కింద పెట్టుకున్నాను. నా భుజాన మాత్రం తడిగుడ్డలో కట్టిన ఉలవల మూట ఉంది.

బస్సు కొంతదూరం పోయాక ఇంజను కాగి, ఆవిర్లు కక్కుతూ ఆగింది. జనమంతా చెట్ల నీడకు పోయారు. నేను ఈల వేశాను. మండుటెండలో రోడ్డు మధ్య మావాళ్లు చేతులు పైకెత్తి దించుతూ, నడుం వంచి లేస్తూ ఉంటే, నెత్తిన గంప పెట్టుకున్న ఒక అవ్వ దగ్గరికొచ్చి చేతులు జోడించింది.

"ఏ సామికి నాయనా ఈ మొక్కు?"

"మొక్కు మాది గాదవ్వా, మా అయివారిది. మేము తీరుస్తాండాం" అన్నాడు ఖాసిం వంగినవాడు వంగినట్టే.

జమ్మలమడుగులో ఎర్రగుంట్ల బస్సుకు చాలా వ్యవధి ఉందన్నారు. నా కాళ్లు అప్పటికే దురద పెడుతున్నాయి. "గండికోట దాకా నడిచి చూసి వద్దాం, రండి" అన్నాను.

బాలిరెడ్డి నేల మీద చతికిలబడ్డాడు. "కోట యాడికీ పోదులే అయివారూ. తాతల కాలం నించి ఆడే ఉండాది. వచ్చే తూరి చూస్తాం. ఆ మూటలో ఒక్క ఓళిగ..."

"ఉలవలు తిను."

గుప్పెడు నోట్లో పోసుకుని, నా వంక చూస్తూ నెమరేశాడు. మాటవరసకు అనడం లేదు, నిజంగా నెమరేశాడు. మిగతావాళ్లు మర్యాదకు నాలుగు గింజలు కొరికి, నేను అటు తిరగగానే ఉమ్మేశారు. దాంతో నాకు రోషమొచ్చింది. నాయకుడన్నవాడు ముందు నడవాలి కదా! వాళ్లు వదిలిన వాటాలు కూడా నేనే తిన్నాను. తింటూ "ఆహా" అన్నాను. మొలకలకు ఎండ తగిలి పులిసిన వాసన మొదలైంది. రెండో బస్సు డ్రైవరు మెడ తిప్పి చూసి, "ఏమప్పా, ఎవురన్నా ఎనుములు గినా ఎక్కించినారా?" అని అడిగాడు.

ఆ రాత్రి ఎర్రగుంట్ల స్టేషన్లో నడుం వాల్చి, పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాం. మా ఎదురుగా కొందరు దిట్టమైన పడుచువాళ్లు వచ్చి కూర్చున్నారు. మెలితిరిగిన మీసాలు, తెల్లటి పంచెలు. ఏదో పెళ్లికి పోతున్నారనుకున్నాను. అడగలేదు. అడిగి తెలుసుకునే అలవాటు ఉన్నవాడికి ఇట్లాంటి కథలు రాసే అవసరం రాదు.

రైలు కదిలాక కిందికి చూద్దును కదా, బాలిరెడ్డి చెయ్యి బల్ల కింద నుంచి సద్దిమూట వైపు పాములా పాకుతోంది. ఇక ఆ మూటలు దగ్గరుంటే ప్రమాదమని అర్థమైంది. అన్నీ తీసి ఎదుటి పడుచువాళ్ల ఒళ్లో పెట్టాను.

"తినండి బాబూ. మావాళ్లకు ఇది విషం. అంతా నూనె, నెయ్యి, బెల్లం."

వాళ్లలో పొడుగాటి మనిషి, సుబ్బన్న అని పిలుస్తున్నారు మిగతావాళ్లు, మూట విప్పుతూ అనుమానంగా చూశాడు. "విసమైతే మాకెందుకిస్తాండావప్పా?"

"మీరేమైనా ఆడాలా, పాడాలా? హాయిగా కూర్చుని పోయేవాళ్లు. మీకేం కాదు."

వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వారు. పెద్దమనిషి మాట కాదనడం ఎందుకన్నట్టు తినసాగారు. ఒక్కో ఓళిగ వాళ్ల నోటిదాకా పోతుంటే బాలిరెడ్డి మెడ కూడా దాని వెంటే పోయి, పుట్టింటి నుంచి ఆడపడుచును సాగనంపినట్టు చూసి, వెనక్కి వచ్చేది.

ఎండ ఎక్కాక రైలు నందలూరు చేరింది. అక్కడ ఇంజనుకు నీళ్లు పట్టాలి. సామాను బల్ల మీద వదిలేసి జట్టునంతా దించాను. ప్లాట్‌ఫారం మీద జనం ఎక్కువగా ఉన్నారని చివరిదాకా పరుగెత్తించి, అదీ చాలక సిగ్నలు స్తంభం దాకా తీసుకుపోయాను.

"ఇప్పుడు ఊపిరి వ్యాయామం. చెడుగుడుకు ప్రాణం ఊపిరే. కళ్లు మూసుకోండి. గాలి పీల్చండి... ఆపండి..."

ఎక్కడో కూత వినిపించింది. రైలుది.

"అయివారూ, రైలు కదుల్తాండాది" అన్నాడు ఖాసిం.

"కళ్లు తెరవొద్దు! ఇంజను ఇప్పుడే కదా నీళ్లు తాగుతోంది. గుటక వేయకుండా పరుగెత్తుతుందా? ఆపండి... ఇంకా ఆపండి..."

పక్కనే దడదడమని గాలి కొట్టింది. అది నా ఊపిరి బలమే అనుకున్నాను. తీరా కళ్లు తెరిచేసరికి ఆఖరి పెట్టె మా ముందు నుంచి సాగిపోతోంది. కిటికీలోంచి సుబ్బన్న తల బయటపెట్టి ఏదో అరుస్తూ చెయ్యి ఊపుతున్నాడు. ఆ చేతిలో సగం కొరికిన ఓళిగ ఉంది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. రైలు దిగనేల, పట్టాల వెంట పరుగెత్తనేల! ఎంత పరుగెత్తినా అది ఆగలేదు. మా బట్టలు, చెంబులు, దుప్పట్లు అన్నీ రాజంపేటకు మాకంటే ముందే ప్రయాణమయ్యాయి. మిగిలింది ఒక్కటే. ఉలవల మూట. అది నా భుజాన భద్రంగా ఉంది.

"ఇంగేం జేస్తాం?" అన్నారు అందరూ ఒక్కసారే.

"ఏం చేస్తాం, నడుస్తాం! మంచిదే అయింది. రాజంపేట ఎంత దూరం?"

పట్టాల పక్కన పనిచేస్తున్న గ్యాంగు మనుషులు మమ్మల్ని చూసి జాలిపడ్డారు. "ఈ ఎండలోనా? చెయ్యేరు దాటాల. ఇసుక కాల్తాంటాది. సాయంత్రం బండి ఉండాది, కూర్చోండప్పా."

కూర్చోవడమా? నేనా? సాయంత్రం బండికి పోతే ఆటే అయిపోతుంది. ఊరి బయటి బీడు చేను కళ్ల ముందు మెదిలింది. "పదండి" అన్నాను.

చెయ్యేటి ఇసుక ఎలా ఉందంటే, అందులో చెనక్కాయలు పోస్తే వేగి ఉండేవి. మావాళ్లు కోడిపుంజుల్లా కాళ్లెత్తి ఎత్తి గెంతుతూ దాటారు. నేను మాత్రం "మోకాళ్లు బాగా లేస్తున్నాయి, భేష్!" అని మెచ్చుకున్నాను. అప్పుడు బాలిరెడ్డి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ అప్పుడప్పుడూ కలలోకి వస్తుంది. ఏటి మధ్యలో చెలమ తోడి నీళ్లు తాగాం. ఆకలికి ఎవరూ ఆగలేక ఉలవల మూట విప్పారు. ముక్కు మూసుకుని తలా పిడికెడు తిన్నారు. ఇక మిగిలిన అడుగు పులుపంతా ఎవరూ ముట్టలేదు. పారేయడానికి మనసొప్పక నేనే తినేసి, పైన కడుపునిండా చెలమ నీళ్లు తాగాను.

ఎండిన ఉలవ గింజ నీళ్లు తగిలితే ఏమవుతుందో మొలకలు కట్టేవాళ్లందరికీ తెలుసు. సగం మొలిచిన గింజ, రెండు రోజులు పులిసి, మనిషి కడుపులో పడి, ఆపైన నీళ్లు తగిలి, ఎండలో నడిస్తే ఏమవుతుందో నాకు రాజంపేట చేరేదాకా తెలియదు.

చేరేసరికి పొద్దు వాలుతోంది. బరి చుట్టూ జనం. మావాళ్లలో ఒకడు అరికాళ్లు బొబ్బలెక్కి నిలబడలేకపోతున్నాడు. బదులు ఆడేందుకు మనిషి లేడు.

"నేను ఆడతాను" అన్నాను నిక్కరు బిగిస్తూ.

"అయివారూ, నీ కడుపు చూసుకున్నావా?" అన్నాడు ఖాసిం మెల్లిగా.

చూసుకున్నాను. పొద్దుటికంటే ముందుకొచ్చి ఉంది. లోపల ఎవరో మంచం ఒకవైపు నుంచి ఇంకోవైపుకు లాగుతున్నట్టు చప్పుడు. "అది బలం" అన్నాను.

ఎదుటి జట్టు బరిలోకి దిగింది. వాళ్లను చూసి మావాళ్లందరూ కొయ్యబారిపోయారు. మెలితిరిగిన మీసాలు. ముందు సుబ్బన్న. మా సామాన్లన్నీ జాగ్రత్తగా దించి, బరి పక్కన వరసగా పేర్చి పెట్టారు, పాపం. సుబ్బన్న నా దగ్గరికొచ్చి చేతులు జోడించాడు.

"ఎర్రగుంట్ల జట్టు మాదే అయివారూ. మీ ఓళిగలు శానా బాగుండె. రైల్లో కూర్చోని తిని, ఈడికొచ్చి ఒక కునుకు తీసినాం. ఒంట్లో ఏనుగంత బలముండాది."

బాలిరెడ్డి బరి పక్కనున్న ఖాళీ సద్దిగుడ్డ ఒకటి ఎత్తి, వాసన చూసి, మళ్లీ మడిచి పెట్టాడు. తిట్టినా బాగుండేది.

అయినా చెప్పాలి కదా, మావాళ్లు ఆడారు. ఆకలి కడుపుతో, కాలిన కాళ్లతో పులుల్లా ఆడారు. ఖాసిం కూతకు పోయి ఒక్కసారి కూడా వట్టి చేతులతో రాలేదు. బాలిరెడ్డి కోపమంతా పట్టులో చూపించాడు. ఆఖరికి రెండు జట్లూ సరిసమానంగా నిలిచాయి. ఇక మిగిలింది ఒకే కూత. సుబ్బన్న వస్తున్నాడు. అతణ్ణి పట్టి ఆపితే గెలుపు మాది. గీత తాకితే వాళ్లది.

"చెడుగుడు చెడుగుడు చెడుగుడు..."

వచ్చి బాలిరెడ్డిని తాకి వెనక్కి తిరిగాడు. నేను ఎగిరి అతని నడుం పట్టుకున్నాను! నా జన్మలో అంత మంచి పట్టు మళ్లీ పట్టలేదు. ఖాసిం చీలమండ దొరకబుచ్చుకున్నాడు. అందరం కిందపడ్డాం. నేను వెల్లకిలా, నా మీద సుబ్బన్న. అతని గొంతు సన్నబడుతోంది. "చెడు... గుడు... చె... డు..." ఇంకొక్క క్షణం. జనం లేచి నిలబడ్డారు. బీడు చేను నాకు స్పష్టంగా కనిపించింది. అందులో పిల్లలు పరుగెత్తడం కూడా కనిపించింది.

సరిగ్గా అప్పుడే బాలిరెడ్డి, పట్టు గట్టిపడాలని, గాల్లోకి ఎగిరి మా ఇద్దరి మీదా పడ్డాడు. అతని మోకాలు వచ్చి నా పొట్టలో దిగింది.

నిండుకుండ తొణకదంటారు. ఉలవలతో నిండిన కుండ సంగతి ఆ సామెత చెప్పినవాడికి తెలియదు. అది మోగుతుంది. మొదట సన్నాయిలా సన్నగా మొదలైంది. మధ్యలో ఒక మలుపు తిరిగింది. డోలులా ముగిసింది.

జనం కేకలు ఆగిపోయాయి. ఎక్కడో ఒక గాడిద మాత్రం బదులు పలికింది.

ముందు ఖాసింకి నవ్వొచ్చింది. నవ్వితే పట్టు నిలుస్తుందా? చీలమండ జారిపోయింది. బాలిరెడ్డి నవ్వుతూ పక్కకు దొర్లాడు. మావాళ్లంతా పొట్టలు పట్టుకుని కూలబడ్డారు. సుబ్బన్న ఒక్కడే నవ్వలేదు. ఊపిరి బిగబట్టడానికి అతనికి ఇప్పుడు ఇంకో గట్టి కారణం కూడా దొరికింది. పళ్ల మధ్య "చెడుగుడు" గొణుగుతూ, కళ్లలోంచి నీళ్లు కారుతుండగా, నన్ను నడుముకు వేలాడదీసుకునే పాకి వెళ్లి గీత తాకాడు.

గొడుగు పట్టుకుని నిలబడిన ముసలి న్యాయనిర్ణేత చెయ్యెత్తాడు.

"ఆగండప్పా, ఆగండి! నాకు రెండు కూతలు వినబడినాయి. రెండోది ఎవురిది?"

ఖాసిం నేల మీద దొర్లుతూనే జవాబు చెప్పాడు. "మా అయివారిది సామీ!"

ముసలాయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. ఎంతో గంభీరంగా తీర్పు చెప్పాడు. "సొంత బరిలో నిలబడి కూత పెట్టేది ఆటలో ల్యాదు. చెల్లదు. గెలుపు ఎర్రగుంట్లది."

ఆ రాత్రి ఊరివాళ్లు అన్ని జట్లకూ సంగటి, పొట్టేలు కూర పెట్టారు. సుబ్బన్న మా బాలిరెడ్డిని పక్కన కూర్చోబెట్టుకుని, ఓళిగల రుణం తీర్చుకుంటున్నట్టు కొసరి కొసరి వడ్డించాడు. నాకు మాత్రం ఒక అమ్మ మజ్జిగలో ఇంగువ కలిపి తెచ్చిచ్చింది. "తాగు నాయనా, నీ సంగతి విన్నా" అంది. వంటింట్లో ఉన్న ఆడవాళ్లదాకా వినిపించిందన్నమాట.

మేం కోయిలకుంట్ల చేరేలోపే వార్త చేరింది. బస్సుల్లో మనుషులు ఆలస్యంగా రావచ్చు గానీ ఇట్లాంటి కబుర్లు రావు. పెద్దరెడ్డి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. మొదటిసారి నా కాళ్లు కదల్లేదు.

"ఏమప్పా అయివారూ. ఊరి పరువు గాల్లో కలిసిపాయ, గాల్లో కలిసిపాయ అని పెద్దోళ్లు అంటాంటే ఏందో అనుకుంటి. ఇట్ల కలుస్తాదని నాకు తెలీదు!"

అని, నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి పొలమారితే ఇంట్లోంచి నీళ్లు తెచ్చారు. నీళ్లు తాగి మళ్లీ నవ్వాడు. నవ్వు ఆగేసరికి ఆయన కళ్లు తుడుచుకున్నాడు, నేనూ తుడుచుకున్నాను, వేర్వేరు కారణాలతో.

"అంటే రెడ్డిగారూ, ఆ చేను..." అన్నాను ఆశ చావక.

"ఇచ్చినాలే పో. పిల్లోళ్లు ఆడుకోనీ."

"కప్పు తేలేదు కదండీ?"

"కప్పు కోసం గాదప్పా ఇచ్చేది. ఆ చేను ఊరికి శానా దూరం. నువ్వు ఆడ్నే ఉండు. ఏం జేసుకున్నా ఊర్లోకి వినబడదు."

కనుక చదువరులారా, తూర్పు తిరిగి, నీళ్లు వదిలి, మీ అందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. రైలు ఆగితే కిటికీలోంచి చూస్తాను తప్ప దిగను. తల్లి కట్టిచ్చిన సద్దిని విషమని అనను. ఎదుటివాడు ఎవరో, ఎక్కడికి పోతున్నాడో అడగకుండా గుక్కెడు నీళ్లు కూడా ఇవ్వను. ఇక ఊపిరి వ్యాయామం అంటారా, అది మాత్రం మానలేను. ఆరుబయట, ఒంటరిగా, గాలివాటం చూసుకుని చేస్తాను.